సోడా సరంగు

డాక్టరు రెండు మాటలు చెప్పాడు. నాని గిలకలదిండి రేవుకి ఒక మాటే తెచ్చాడు.

అది రెండు వేల ఒకటి, జూన్ నెల. అప్పయ్య బోటు నడిపే సరంగు. వయసు యాభై మూడు. వేటకి బయల్దేరిన పూటే సముద్రం మీద అతనికి ఛాతీలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టి కూలబడ్డాడు. బావమరిది నాని అదే బోటులో వల లాగే కళాసీ. ఎవరినీ అడక్కుండా బోటు వెనక్కి తిప్పించాడు. వల తడవలేదు, ఐసు గదుల మూతలు తియ్యలేదు. రేవులో దిగగానే బావని ఆటో ఎక్కించి బందరు తీసుకెళ్ళాడు.

డాక్టరు ఈసీజీ తీయించాడు. అప్పయ్య చొక్కా తొడుక్కుంటుంటే నానిని గది బయటికి పిలిచాడు.

"ఇప్పటికైతే గ్యాసులాగే ఉందయ్యా, భయపడకండి. కానీ వయసుంది, బీపీ ఉంది, చుట్ట కాలుస్తాడు. బెజవాడ తీసుకెళ్ళి గుండె పరీక్షలు చేయించండి. ఈసారి నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. ఎడం చేతిలోకి రావచ్చు, దవడలోకి రావచ్చు. వస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు."

చీటీ రాసి నాని చేతిలో పెట్టాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి చేపల వేలం షెడ్డు దగ్గర ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. "ఏమైందిరా మీ బావకి?" అని అందరూ ఒక్కసారి అడిగారు. నాని భయం అప్పుడే తీరింది. తీరిన భయం నవ్వుగా బయటికొచ్చింది.

"గ్యాసంట! ఒక గోలీ సోడా పట్టిస్తే పోయేదానికి బోటు తిప్పుకొచ్చాం!"

జనం నవ్వారు. అప్పయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుల మధ్య రెండో మాట చెప్పడం నానికి కుదరలేదు. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఇంటి దగ్గర అక్క గంగాదేవి దిష్టి తీసి ఏడుస్తుంటే, రేపు చెబుదామనుకున్నాడు. చీటీ తీసుకెళ్ళి బోటు కేబిన్లో పసుపు కుంకుమలుండే రేకు డబ్బాలో పెట్టాడు. అక్కడైతే పోదు.

సాయంత్రానికి అప్పయ్యకి పేరు పడిపోయింది. సోడా సరంగు. హార్బరులో పేరు పడితే అది మనిషితోనే ఉంటుంది. చేపలు కొనే ఆడవాళ్ళు, "సరంగు గారూ, ఇవాళ గ్యాసు రాలేదా, చేపలు తెచ్చారు?" అనేవారు. బోటు మీద ఎవడు తేన్చినా, "బోటు తిప్పండ్రోయ్!" అని కేక. ఆ కేక మొదలుపెట్టింది నాని. అందరికంటే గట్టిగా నవ్వేది అప్పయ్య.

బెజవాడ ఎవరూ వెళ్ళలేదు.

మళ్ళీ ఏడు మాఘ మాసం. బహుళ పంచమి. వేటకి వెళ్ళి మూడో రోజు. పొద్దున్న ఏడింటికి వల నీళ్ళలో ఉంది. అప్పయ్య స్టీరింగు దగ్గర నిలబడి ఎడం చెయ్యి విదిలించుకుంటున్నాడు.

"నానీ, ఎడం చెయ్యి లాగుతుందిరా."

నలభై దాటిన ఏ వేటగాడిని అడిగినా చెయ్యి లాగుతుందనే అంటాడు. ముప్పై ఏళ్ళు తాడు పట్టిన చేతులవి. లాగితే బామ్ రాసి రుద్దుతారు, మళ్ళీ పనిలో పడతారు. అయినా ఎడం చెయ్యి అనగానే నానికి డాక్టరు మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కానీ, నోటికి అలవాటైనదే ముందు వచ్చింది.

"ఏం బావా, బోటు తిప్పమంటావా?"

వెనకాల తాడు చుడుతున్న కళాసీ కాంతారావు పగలబడి నవ్వాడు. అప్పయ్య నానిని ఒక క్షణం చూశాడు.

"వద్దురా బాబూ. ఒక్కసారి తిప్పినందుకే ఊరు నా నెత్తిన సోడా బండి పెట్టింది. వల రానివ్వండి ముందు."

నాని బామ్ తెచ్చి భుజం నుంచి మణికట్టు దాకా రుద్దాడు. "ఇంకొంచెం గట్టిగా," అన్నాడు అప్పయ్య. ఎనిమిదింటికి పంటి నొప్పి కూడా మొదలైందన్నాడు. ఏ పన్ను అని నాని అడిగాడు. పన్ను కాదేమోరా, దవడంతా లాగుతుందన్నాడు. నాని అటూ ఇటూ చూశాడు. కళాసీలు ఐదుగురూ వల పనిలో ఉన్నారు. ఇప్పుడు బోటు తిప్పాలంటే వల కోసెయ్యాలి, లేదా లాగాలి. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే ఎనిమిది నెలలు ఎందుకు చెప్పలేదో చెప్పాలి.

"వల ఎక్కాక చూద్దాంలే బావా," అన్నాడు.

తొమ్మిదిన్నరకి వల ఎక్కింది. అప్పుడే అప్పయ్య స్టీరింగు మీదికి వాలిపోయాడు. నాని బావని కేబిన్లో పడుకోబెట్టి, తనే స్టీరింగు పట్టుకుని బోటు తిప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాంతారావు సరంగు తల ఒళ్ళో పెట్టుకుని తడి గుడ్డతో మొహం తుడుస్తూ కూర్చున్నాడు.

రేవుకి ఆరు గంటల దారి. మూడున్నరకి మొగ దగ్గరికొచ్చారు.

ఏటి నీళ్ళు సముద్రంలో కలిసే ఆ మొగలో ఇసుక మేట వేసి ఏళ్ళయింది. పోటు మీదుంటేనే బోటు లోపలికెళ్తుంది. ఆటు మొదలైతే మళ్ళీ పోటొచ్చేదాకా బయటే ఉండాలి. నాని వచ్చేసరికి నీళ్ళు వెనక్కి లాగుతున్నాయి. అయినా ఇంజను పెంచి పోనిచ్చాడు. అడుగు ఇసుకకి తగిలి బోటు నిలబడిపోయింది. ఐసు ఫ్యాక్టరీ రేకులు కనబడుతున్నాయి. వేలం షెడ్డు కనబడుతోంది. దాని పక్కన ఆటోలు కూడా కనబడుతున్నాయి.

కాంతారావు లుంగీ విప్పి ఒడ్డు వైపు ఊపాడు. వైర్‌లెస్సు ఆ బోటుకి లేదు. దూరంగా ఒక చిన్న నావ వీళ్ళని చూసి ఇటు తిరిగింది.

నాని కేబిన్లోకి వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. అప్పయ్య కళ్ళు తెరిచాడు.

"మొగా?"

"మొగే బావా."

"ఆగింది."

"నావ వస్తుంది బావా. దాంట్లో ఎక్కిద్దాం. ఎంతసేపు, ఇదుగో వచ్చేసింది."

"ఆటు లాగేసిందిరా," అన్నాడు అప్పయ్య. పడుకున్న చోటి నుంచి నీళ్ళు కనబడవు. బోటు ఊగే తీరునిబట్టి తెలుసుకున్నాడు. కాసేపటికి నాని చెయ్యి పట్టుకున్నాడు.

"సోడా అన్నా ఇప్పించరా."

"ఇప్పిస్తా బావా. దిగంగానే ఇప్పిస్తా."

అప్పయ్య నవ్వబోయాడు. నాని ఆ నవ్వు కోసం చూస్తూ కూర్చున్నాడు. పట్టుకున్న చెయ్యి బరువెక్కింది. కాంతారావు సరంగు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల దించుకున్నాడు.

నావ దగ్గరికొచ్చింది. అందులో నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు.

"ఏమర్రా, సోడా సరంగు బోటేనా? మళ్ళీ గ్యాసా?"



పదకొండో రోజు భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. గంగాదేవి వసారాలో కూర్చుని బోటు నుంచి తెచ్చిన రేకు డబ్బా తుడుస్తోంది. తమ్ముణ్ణి పిలిచింది.

"దీంట్లో ఏదో చీటీ ఉందిరా. ఇంగ్లీషులో ఉంది. నువ్వు పదో క్లాసు దాకా చదివావుగా, చదువు."

కుంకుమ అంటి చీటీ ఎర్రబడింది. నాని దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మందుల చీటీ అనొచ్చు. గ్యాసు బిళ్ళలు అనొచ్చు. అక్కకి చదువు రాదు.

"బెజవాడలో గుండె పరీక్షలు చేయించమని రాశాడక్కా."

"ఎప్పుడు రాశాడు?"

"అప్పుడే. మొదటిసారి."

"మీ బావకి చెప్పావా?"

"లేదక్కా."

గంగాదేవి డబ్బా కింద పెట్టింది. ఏడుస్తుందేమోనని, తిడుతుందేమోనని, కొడుతుందేమోనని నాని ఎదురు చూశాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"సోడా సరంగని పేరు పెట్టింది నువ్వేనంటగా," అంది. "ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వేవాడ్రా. మీ తమ్ముడు భలేవాడే అనేవాడు."

నాని చీటీని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"చెయ్యి లాగుతుందన్నాడని కాంతారావు చెప్పాడు. ఎన్నింటికన్నాడు?"

"ఏడింటికి."

"బోటెప్పుడు తిప్పావు?"

"తొమ్మిదిన్నరకి."

గంగాదేవి సరంగు కూతురు, సరంగు పెళ్ళాం. పుట్టినప్పట్నుంచీ ఆ మొగ దగ్గరే ఉంది. తిథిని బట్టి పోటు ఏ వేళకి వస్తుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. బొటనవేలు చూపుడువేలి మీద పెట్టి పున్నమి నుంచి లెక్క మొదలుపెట్టింది. పాడ్యమి, విదియ, తదియ, చవితి. పంచమి దగ్గర ఆగింది.

"ఒంటిగంటకి నిండు పోటు," అంది.

ఏడుకి ఆరు కలిపితే ఎంతో నాని ఆ పదకొండు రోజులూ లెక్క పెడుతూనే ఉన్నాడు. గంగాదేవి బొటనవేలు ఆ కణుపు మీదే ఉంచుకుని, తమ్ముడి వైపు చూడకుండా కూర్చుంది.