రెండు చేతుల పని

కోసిన కాగితం వాసన.

వానలో తడిసిన చెట్టును నరికితే వచ్చే వాసన అది. ప్రెస్సు గుమ్మంలో అడుగు పెట్టకముందే అక్క ముక్కుకు తగిలింది. మూడేళ్ళు ఆ వాసన లేకుండా బతికింది. అది లేకుండా కూడా బతకొచ్చని తెలుసుకుంది.

కానీ తిండి పెట్టే పని ఇదొక్కటే వచ్చు.

కాగితం కొయ్యడం. వెయ్యి కాగితాలు, ఒకటే దెబ్బ, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎనిమిదేళ్ళు కోసింది. నోటు పుస్తకాలు, గోడ క్యాలెండర్లు, మందుల డబ్బాల అట్టలు... చివరికి ఒకరోజు కొయ్యకూడనిది కోసింది.

బయట వాన. రేకుల మీద ఎవరో తట్టలతో గులకరాళ్ళు పోస్తున్నట్టు వాన.

చెల్లెలు వెంట వచ్చింది. వద్దన్నా వచ్చింది.

"నిన్ను ఒక్కదాన్నే పంపిస్తే నిజం చెప్పేసి వస్తావు" అంది.

మేనేజరు గది బయట బెంచీ మీద కూర్చుంది. కుడిచెయ్యి సంచి కింద దాచుకుంది. ఆ చేతికి బొటనవేలు ఒక్కటే ఉంది.

అక్కను చూడటానికి జైలుకు మొదటిసారి వచ్చినప్పుడు ఊచల అవతల ఆ చెయ్యి ఎత్తి చూపించింది. "ఇకమీదట ఎవరి విషయంలోనూ వేలు పెట్టనులే అక్కా" అని నవ్వింది. అక్క నవ్వలేదు. లోపలికి వెళ్ళి గోడకేసి తల బాదుకుంది. నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని, కింద పడేసి, మీద కూర్చుంటేగానీ ఆగలేదు. నుదుటి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఇవాళ పౌడరు అద్దుకుని వచ్చింది.

ఈ మూడేళ్ళూ సంసారాన్ని లాక్కొచ్చింది చెల్లెలే. మిగిలిన చేత్తో. ఇళ్ళలో గిన్నెలు తోమి, అట్టపెట్టెలు మడిచి. ఇక నువ్వు కూర్చో, నేను చూసుకుంటాను అని ఆ పిల్లతో ఒక్కసారి అనాలి. అందుకు ఈ ఉద్యోగం కావాలి.

దానికో అబద్ధం కావాలి.

వారం రోజులు ఇద్దరూ కూర్చుని ఆ అబద్ధాన్ని సానపట్టారు.

"అత్తగారికి పక్షవాతం వచ్చింది, చూసుకోవాల్సొచ్చిందని చెప్పు."

"నాకు పెళ్ళే కాలేదు కదే."

"మరీ మంచిది. లేని అత్తగారు వచ్చి కాదనదు."

అలాంటిది చెల్లెలు. వేళ్ళు పోయాయి గానీ వెటకారం పోలేదు. చివరికి పక్షవాతం పిన్నికి తెప్పించారు. పిన్ని చచ్చిపోయి పదేళ్ళయింది, ఆవిడకిప్పుడు వచ్చే నష్టం లేదు.

లోపల మేనేజరు బయోడేటా మీద పెన్నుతో వరస వెంట వరస దిగుతున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు చివరకు జారింది.

"ఎనిమిదేళ్ళు ఒకే చోట. కటింగ్ మిషన్ మీద. బాగుందమ్మా."

పెన్ను ఆగింది.

"తర్వాత ఇక్కడ మూడేళ్ళు ఏమీ లేదే?"

ఏమీ లేదు. ఆ తెల్లటి జాగాలో ఏమీ లేదు.

తెల్లటి జాగా మీద ఎరుపు ఎలా పాకుతుందో అక్కకు తెలుసు. మొదట చుక్క. తర్వాత అంచు. తర్వాత మొత్తం.

"ఇంట్లో బాగోలేదండి" అంది. "దగ్గరుండి చూసుకోవలసి వచ్చింది."

"ఎవరికి?"

పిన్నికి. పిన్నికి. పిన్నికి అనాలి.

"చెల్లెలికండి."

నోరు జారింది. వారం రోజుల సాన ఒక్క మాటతో పోయింది. మేనేజరు గది అద్దంలోంచి బయటి బెంచీ వైపు చూశాడు. "ఆ అమ్మాయేనా? ఇప్పుడు బాగానే ఉన్నట్టుంది" అన్నాడు. బాగానే ఉంది అన్నట్టు అక్క తలాడించింది. అంతే. ఆయన అంతకు మించి అడగలేదు. పని తెలిసిన మనిషి దొరక్క ఆయన బాధలు ఆయనవి.

అబద్ధం ఇంత తేలికా అనిపించింది. తేలికే. మూడేళ్ళుగా మోస్తున్న దానితో పోలిస్తే ఇది దూది.

ఆ మోస్తున్నది చెల్లెలికి చెప్పనిది.

కాగితం కోసే మిషనుకు రెండు బటన్లుంటాయి. కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి. రెండింటినీ ఒకేసారి నొక్కి పట్టుకుంటేనే కత్తి దిగుతుంది. ఒక్క చెయ్యి తీసినా ఆగిపోతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే కత్తి కింద చెయ్యి ఉండే ప్రసక్తే లేదు. దాన్ని తయారుచేసినవాడు మనిషిని ఎరిగినవాడు.

పాత ప్రెస్సులో ఫోర్‌మన్ కూడా మనిషిని ఎరిగినవాడే, ఇంకో రకంగా.

"రెండు చేతులూ అక్కడ పెట్టుకుని కూర్చుంటే కట్టలు ఎవరు సర్దుతారు? కుడిది కట్టెయ్."

కట్టేసింది. పుస్తకాలు కుట్టే సన్నతీగ తీసుకుని కుడి బటన్ నొక్కి పెట్టి, మూడు చుట్లు చుట్టి, మెలిపెట్టింది. బల్ల అంచు కింద అది ఎవరికీ కనిపించదు. ఎడమచెయ్యి నొక్కుతుంది, కుడిచెయ్యి సర్దుతుంది. నొక్కు, సర్దు. నొక్కు, సర్దు. పని పరుగెత్తింది. ఫోర్‌మన్ భుజం తట్టాడు. సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆ తట్టుడుకు అక్క సంతోషపడింది.

ఆరోజు కూడా వాన.

వానాకాలం కాగితం నీళ్ళు తాగుతుంది. తాగి ఉబ్బుతుంది. కోసిన ముక్క కత్తి కింద ఇరుక్కుంటుంది. చెల్లెలు కూడా అదే ప్రెస్సులో పనిచేసేది, అక్క సెక్షనుకు వచ్చి మూడో రోజు. పక్కనుంచి చెయ్యి పెట్టి ఆ ముక్కను లాగబోయింది. అక్క కళ్ళు కట్ట మీద ఉన్నాయి. కుడిచెయ్యి కట్ట మీద ఉంది.

ఎడమచెయ్యి నొక్కింది.

చప్పుడు మామూలు చప్పుడే. అదే ఈనాటికీ అక్కకు అర్థంకానిది. వెయ్యి కాగితాలు తెగితే ఏ చప్పుడు వస్తుందో అదే వచ్చింది. వేళ్ళు తెగినట్టు వేరే చప్పుడు రాలేదు. కత్తి పైకి లేచింది. చెల్లెలు తన చేతి వంక చూసుకుంది. అరవలేదు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసింది. అప్పుడు నెత్తురు చిమ్మింది. మొహం మీద పడింది, కట్ట మీద పడింది, కాగితాల అంచుల్లోంచి లోపలికి ఇంకింది. వానాకాలం కాగితం ఏదైనా తాగుతుంది.

నాలుగు వేళ్ళు.

కొలబద్ద పక్కన, వరసగా... తీసి గుడ్డలో చుట్టింది ఎవరో గుర్తులేదు.

చెల్లెల్ని బండి ఎక్కించారు. అక్క ఎక్కబోతే ఫోర్‌మన్ రెక్క పట్టి లాగాడు. లోపలికి తీసుకెళ్ళాడు. పటకారుతో తీగ తెంపాడు, జేబులో వేసుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పిల్లే అజాగ్రత్తగా చెయ్యి పెట్టిందని చెబుదాం. నీకూ మంచిదే" అన్నాడు. అక్క బొమ్మలా నిలబడింది. నీకూ మంచిదే అన్న మాట ఆమెలో ఎక్కడో ఒక మూల, నిజంగానే, మంచిదిగా తోచింది. ఆ మూలను ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

తర్వాత వాడు కట్ట వైపు చూశాడు. ఎర్రబడిన అంచు వైపు.

"లోపలికి ఎక్కువ పోలేదు. మూడు మిల్లీమీటర్లు కోసెయ్. సాయంత్రం సరుకు వెళ్ళాలి."

బల్ల మీద కత్తి బిగించే స్పానర్ ఉంది. మూరెడు ఇనుము.

మొదటి దెబ్బకు దవడ విరిగింది. రెండో దెబ్బకు భుజం. ఎముక విరిగితే మాత్రం వేరే చప్పుడే వస్తుంది, ఎండుకొమ్మ విరిగినట్టు. ఆ చప్పుడు ఆమెకు నచ్చింది. నచ్చిందనే చెప్పాలి. మూడోది గుర్తుంది. కోర్టులో అయిదన్నారు. అయిదే అయ్యుండొచ్చు. వాణ్ణి కొడుతున్నానా, నన్ను నేనే కొట్టుకుంటున్నానా అని మధ్యలో ఒకసారి అనుమానం వచ్చింది... కానీ చెయ్యి ఆగలేదు.

వాడు తీగ సంగతి కోర్టులో ఎత్తలేదు. ఎత్తితే వాడి మెడకే చుట్టుకుంటుంది. అక్కా ఎత్తలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుంది. ఒకే తీగ ఇద్దరి నోళ్ళూ కట్టేసింది.

చెల్లెలు మాత్రం అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. "నేను కళ్ళారా చూశాను. అక్క కుడిచెయ్యి కట్ట మీదుంది. రెండు చేతులతో నొక్కితే తప్ప దిగని కత్తి ఎలా దిగుతుంది? మిషన్ పాడైతే ఆ ఫోర్‌మన్ బాగు చేయించలేదు. అందుకే మా అక్క వాణ్ణి విరగ్గొట్టింది."

మా అక్క.

ఆ మాట అన్నప్పుడల్లా ఆ పిల్ల మొహం వెలిగేది. ప్రతివారం, ఊచల అవతల, అదే వెలుగు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఆ వెలుగు పోతే అక్క దగ్గర ఇంకేమీ లేదు.

"పదండి, ఒక్కసారి కోసి చూపిద్దురుగాని" అని మేనేజరు లేచాడు.

షెడ్డులోకి నడిచారు. చెల్లెలు కూడా లేచి వెనకాలే వచ్చింది. ఎవరూ వద్దనలేదు. వాసన దగ్గరైంది. రేకుల మీద వాన చెవులు మూసేస్తోంది. మిషను నడిపే పెద్దాయన చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు. కొత్త మనిషి మీద జాలితో చెప్పాడు.

"కుడి బటన్ గురించి కంగారు పడకమ్మా. అది ఎప్పుడూ నొక్కే ఉంటుంది."

నీలంరంగు టేపు. పొర మీద పొర. అంచులు నల్లబడి, వేళ్ళ జిడ్డుతో మెరుస్తోంది.

అక్క వంగి గోటితో గీరింది. టేపు రాలేదు. పళ్ళు బిగబట్టి లాగింది. గోరు చీలి నెత్తురొచ్చింది. ఇంకా లాగింది. పొరలు పొరలుగా ఊడింది.

"అది తియ్యకండి. తీస్తే స్పీడు రాదు" అన్నాడు మేనేజరు.

"సర్దడానికి చెయ్యి ఖాళీ ఉండదమ్మా" అన్నాడు పెద్దాయన.

"చెయ్యి ఖాళీగా ఉండకూడదనేనండి దీనికి రెండు బటన్లు పెట్టింది" అంది అక్క.

చెల్లెలు దగ్గరకు వచ్చింది. వంగి ఆ బటన్ చూసింది, ఆ టేపు చూసింది.

"ఇదేంటి, ఒకటి నొక్కేసి అంటించారు?" అని పెద్దాయన్ని అడిగింది.

"అన్ని ప్రెస్సుల్లోనూ ఉన్నదేనమ్మా. కొందరు టేపు అంటిస్తారు, కొందరు తీగ కడతారు."

"ఎవరు కడతారు?"

"ఎవరో ఎందుకు కడతారు? మిషను నడిపేవాళ్ళే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవలసింది అక్కే. తడుముకోలేదు. రెండు చేతులూ, నొక్కకుండా, బటన్ల మీద పెట్టింది. ఎడమచెయ్యి ఎడమ దాని మీద. కుడిచెయ్యి కుడి దాని మీద. ఎక్కడుండాలో అక్కడ.

ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. మా ప్రెస్సులో అలా ఉండేది కాదు అనొచ్చు. చెల్లెలు నమ్ముతుంది. నమ్మడానికి సిద్ధంగా, ఊపిరి బిగబట్టి చూస్తోంది ఆ పిల్ల. మేనేజరు ఉద్యోగమిస్తాడు. రేపటి నుంచి ఇద్దరూ అన్నం తింటారు. ఆ అన్నం ఎలా దిగుతుందో ఒక్క అక్కకే తెలుస్తుంది.

"ఆ మూడేళ్ళు జైల్లో ఉన్నానండి."

మేనేజరుతోనే అంది. చూపు చెల్లెలి మీదుంది.

"మా ఫోర్‌మన్‌ని స్పానర్‌తో కొట్టాను. చంపాలనే కొట్టాను. బటన్‌కి తీగ కట్టమన్నది అతను. కట్టింది నేను. నొక్కిందీ నేనే. మా చెల్లెలి వేళ్ళు తెగింది నా మిషన్ మీద. అది ఇన్నాళ్ళూ మిషన్ పాడైందనుకుంటోంది. పాడవలేదండి."

మేనేజరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. పెద్దాయన నేల వైపు చూశాడు. వాన తగ్గలేదు.

చెల్లెలు ఏడవలేదు. ఆరోజు తన చెయ్యి చూసుకున్నట్టే అక్కను చూసింది... ఎవరో మనిషిని చూస్తున్నట్టు. తర్వాత సంచి కిందపెట్టి, బొటనవేలు మిగిలిన చేత్తో బల్ల అంచు పట్టుకుని అడిగింది. గొంతు పెంచలేదు.

"ఏ చేత్తో కట్టావక్కా?"

అక్క రెండు చేతులూ బటన్ల మీదే ఉన్నాయి. ఒకటి తీసి చూపించాలి. ఏదీ పైకి లేవలేదు.