వాలు అక్షరాలు

సోని వస్తానని ఫోను చేసిన మర్నాడు రత్న తన దుకాణం గాజు తలుపును సబ్బునీళ్ళతో కడిగింది. అరకులో సంతకు వెళ్ళే దారిలో, జీపులు ఆగే చోటికి ఎదురుగా ఉంటుంది ఆ దుకాణం. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను. రెండువేల ఏడులో చుట్టుపక్కల గూడేలవాళ్ళకి పరీక్షా ఫలితాలు చూడాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా అదే దిక్కు. భర్త ధనరాజు బొర్రా దాకా జీపు నడుపుతాడు. కొడుకు పాడేరు హాస్టల్లో చదువుతున్నాడు. పగలంతా దుకాణంలో రత్న ఒక్కతే.

సోనీ రత్నా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పక్కపక్క ట్రంకుపెట్టెల వాళ్ళు. చలికాలంలో ఎవరి దుప్పటి వాళ్ళకి చాలక, రెండూ కలిపి కప్పుకుని ఒకే చాప మీద ముడుచుకునేవారు. వార్డెనమ్మ వినకుండా కొండభాషలో గుసగుసలాడుకునేవారు. పదో తరగతి ఇద్దరూ పాసయ్యారు. ఇద్దరికీ విశాఖపట్నంలో ఇంటరు సీటొచ్చింది. ఆ వర్షాకాలం మలేరియా వచ్చి రత్న తండ్రి పోయాడు. సోని ఒక్కతే రైలెక్కింది.

ఆ తర్వాత రత్నకి పెళ్ళయింది, కంప్యూటరు శిక్షణ అయింది, దుకాణం వచ్చింది. సోని డిగ్రీ, ఎమ్మెస్సీ దాటి కొండచిరుధాన్యాల మీద పీహెచ్‌డీలో పడింది. అక్కడే పెళ్ళి, ఒక కూతురు. ఇన్నేళ్ళలో ఇద్దరూ కలుసుకున్నది ఏ పెళ్ళి పందిట్లోనో, ఏ చావింటి వాకిట్లోనో. చెప్పుకోవలసిన మాట నోటిదాకా వచ్చేసరికి ఎవరో ఒకరు పిలిచేవారు.

అందుకే సోని ఫోను చేసి, "రత్నా, నీ దగ్గర ఖాళీ కంప్యూటరు ఉంటుందా? కొన్నాళ్ళు పని ఉంది," అన్నప్పుడు రత్న మరో మాట అడగలేదు.

"రాయే. ఇద్దరం కూకుంటే బేగి అయిపోద్ది," అంది.

పాసింజరు దిగి ఒక భుజాన సంచీ, చేతిలో కాయితాల కట్టతో వచ్చింది సోని. టీ తాగాక కట్ట విప్పి బల్లమీద పరిచింది. థీసిస్ చివర పెట్టాల్సిన రిఫరెన్సులు అవి. తను చదివిన వ్యాసాలూ పుస్తకాలూ నాలుగువందల పైన. ఎవరు రాశారు, పేరేమిటి, ఏ పత్రికలో వచ్చింది, ఇవన్నీ దాచుకోడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రెండేళ్ళుగా ఇంటర్నెట్‌లో దొరికిన పేరు దొరికినట్టు కాపీ చేసి అందులో పేస్టు చేసుకుంటూ పోయింది. చిన్న చిన్న గళ్ళలో చూసినప్పుడు తేడా తెలియలేదు. తీరా అచ్చుకొట్టి చూస్తే ఒకటి నీలంగా, కింద గీతతో ఉంది. ఇంకొకటి చీమ తలకాయంత. మరొకటి బొద్దుగా, పక్కదాన్ని మింగేసేలా. ఏ పేజీ నుంచి తెచ్చిన అక్షరం ఆ పేజీ రంగూ ఒంపూ కూడా మోసుకొచ్చింది.

"మా సారు ఏమన్నారో తెలుసా? ఇది గ్రంథాల పట్టిక కాదమ్మా, తీర్థంలో రంగులరాట్నం అన్నారు," అంది సోని. నవ్వబోయింది గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ల్యాబులో కంప్యూటరు దొరకదు. ఇంట్లో లేదు. నెలాఖరుకి ఇవ్వకపోతే ఇంకో ఏడాది ఆగాలి."

రెండు కంప్యూటర్లలోనూ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. నువ్వు సగం, నేను సగం అని పంచుకున్నారు. ఒక్కొక్క రిఫరెన్సూ తెరవడం, పేరంతా ఎంపిక చేయడం, రంగు నలుపుకి మార్చడం, సైజు తగ్గించడం, గీత తీసేయడం, మధ్యలో విరిగిన వాక్యాన్ని అతకడం. రాళ్ళున్న బియ్యం ఏరుతున్నట్టుండేది. మధ్యమధ్య జిరాక్స్ కోసం ఎవరో వచ్చేవారు. కరెంటు పోతే ఇద్దరూ బయట అరుగు మీద కూర్చుని వాన చూసేవారు.

మొదటి రోజు సోని పాఠం చెప్తున్నట్టు మాట్లాడింది. "అలా చేయవద్దు, ముందు సేవ్ చేసుకో," అనేది. రెండో రోజుకి మాట కాస్త సడలింది. మూడోనాడు కరెంటు పోయినప్పుడు అరుగు మీద కూర్చుని, ఎదురు కొండ మీదకి దిగుతున్న మబ్బుని చూస్తూ, ఉన్నట్టుండి కొండభాషలోకి దిగిపోయింది. వాళ్ళమ్మ ఆ మబ్బుని ఏమనేదో చెప్పింది. హాస్టల్లో దొంగతనంగా కాల్చుకుతిన్న చిలగడదుంపల గురించి చెప్పింది.

"ఈ మాట మాటాడి ఎన్నాళ్ళయిందో! ఇంట్లో మా వోళ్ళకి రాదు. మా పిల్ల వెన్నెలకీ నేర్పలేదు," అంది.

రత్న అరుగు మీద ఆమెకి దగ్గరగా జరిగింది. కరెంటు ఇంకాసేపు రాకపోతే బాగుండునని మనసులో అనుకుంది. కానీ వచ్చేసింది.

శుక్రవారం సంత. కూతురికి గాజులూ, అత్తగారికి చింతపండూ కొంటానని సోని బయల్దేరింది. రత్న ఒక్కతే పని సాగిస్తోంది. అంతకుముందు ఎవరో కుర్రాడు నోట్‌ప్యాడ్ తెరిచి వదిలేసి వెళ్ళాడు. పొరపాటున ఒక పెద్ద నీలం పేరు అందులో పేస్టయింది. రత్న దాన్ని మళ్ళీ కాపీ చేసి గడిలో పెట్టింది. అక్షరాలు నల్లగా, బుద్ధిగా, మిగతావాటితో సమానంగా కూర్చున్నాయి. రంగూ లేదు, గీతా లేదు.

నోట్‌ప్యాడ్‌కి రంగులు తెలియవు. దాంట్లోంచి వెళ్ళినదేదైనా వట్టి అక్షరమై బయటికొస్తుంది. మరయితే మొత్తం రిఫరెన్సులన్నిటినీ ఒకేసారి వట్టి టెక్స్టు ఫైలుగా బయటికి తీసి, మళ్ళీ లోపలికి ఎక్కిస్తే? రత్న ముందు సోని ఫైలుకి ఒక నకలు తీసుకుంది. దానిమీద ప్రయత్నించింది. టీ కాగినంత సేపు పట్టలేదు. నాలుగువందల చిల్లరా నున్నగా, ఒకే తీరుగా, తెరమీద పైనుంచి కిందికి జారాయి.

రత్న గబుక్కున లేచి గుమ్మంలోకి వెళ్ళింది. సంత గుంపులో సోని నీలిరంగు చీర కోసం వెతికింది. పిలవడానికి నోరు తెరిచింది.

పిలిస్తే ఏమవుతుంది? పని అయిపోతుంది. రేపటి పాసింజరుకి సోని వెళ్ళిపోతుంది.

లోపలికి వచ్చి నకలు ఫైలుని డిలీట్ చేసింది.

శనివారం, ఆదివారం మళ్ళీ అదే ఏరుడు. సోని మెడ పట్టేసింది. చూపుడువేలు నొప్పి అని గుడ్డ చుట్టుకుంది. రత్న కుర్చీ దగ్గరికి లాక్కుని, "నాకు ఇంకొన్ని ఇయ్యే, నేను సేత్తాను," అనేది. మధ్యాహ్నం అన్నంలోకి వెదురుకొమ్ముల కూర చేసింది. సోని ఇష్టంగా తింది. కొండభాషలో కథ చెప్పింది, పాత పాటొకటి సగం పాడి మర్చిపోయింది. రత్న ఇన్నేళ్ళూ కోరుకున్నదంతా ఆ రెండు రోజుల్లో దొరికింది. దొరికినదాన్ని హాయిగా అనుభవించలేకపోయింది. సోని మెడ రుద్దుకున్నప్పుడల్లా ఆమె చూపు తెర మీదకి తప్పుకునేది.

ఆదివారం సాయంత్రం విశాఖపట్నం నుంచి ఫోను. సోని మాట్లాడి, "మా గుంట నీతో మాటాడతాదట," అని సెల్‌ఫోను రత్న చెవికి ఆనించింది.

"పెద్దమ్మా," అంది ఐదేళ్ళ వెన్నెల. "అమ్మ అచ్చరాల రంగులు తుడుస్తోందంట కదా. ఇంకా పోలేదా? నా దగ్గర మంచి రబ్బరుంది. నేనొచ్చి తుడిచేనా?"

రత్న సోని వేలికున్న గుడ్డ వైపు చూసింది. "వొద్దు తల్లీ. మీ అమ్మని పంపించేత్తాను," అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

సోని ఫోను పెట్టేదాకా ఆగి, రత్న చెప్పేసింది. "ఒలే సోనీ, ఇలాగ ఏరక్కర్లేదు. ఒక్కసారే అన్నీ పోయే దారుంది."

చేసి చూపించింది. తెరమీద అన్నీ నల్లగా, నున్నగా వరస కట్టాయి. సోని తెరకి దగ్గరగా వంగింది. కాసేపు ఆ వరసనే చూసింది. తర్వాత వేలికి చుట్టుకున్న గుడ్డని నెమ్మదిగా విప్పింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శుక్రారం. నువ్వు సంతకెళ్ళినప్పుడు."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వెళ్ళిపోతావని."

జిరాక్స్ మిషను ఆరిపోయాక కూడా ఎక్కడో చిన్నగా గుర్రుమంటోంది. సోని అరిచి ఉంటే రత్నకి సులువుగా ఉండేది. సోని అరవలేదు.

"ఉండమని అడగొచ్చు కదే," అంది.

"అడిగితే ఉండేదానివా?"

సోని అబద్ధం చెప్పడానికి ప్రయత్నించింది. పెదవులు కదిలాయి. చివరికి తల అడ్డంగా ఊపింది. "లేదు. పిల్లుంది కదా. పనుందని సెప్పే ఇన్నాళ్ళూ ఉన్నాను. నాకైనా పని లేకపోతే ఎవరు పంపుతారే ఇక్కడికి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సోమవారం పొద్దున్న అచ్చుకొట్టి చూసుకున్నారు. అన్నీ బాగున్నాయి. సోని చివరి పేజీ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, వాలు పోయిందే!"

మొక్కల శాస్త్రీయ నామాలు ఎప్పుడూ పక్కకి వాలిన అక్షరాల్లో ఉండాలి. అది వాళ్ళ చదువులో కట్టుబాటు. అక్కర్లేని రంగులతోబాటు ఉండాల్సిన వాలు కూడా తుడిచిపెట్టుకుపోయింది. ప్రతి పేరునీ వెతికి మళ్ళీ వాల్చాలి. ఆ పని చేతితోనే చేయాలి, దానికి దగ్గర దారి లేదు.

రత్న గుండె ఒక్కసారి ఎగిరింది. ఇంకో రెండు రోజులు! సోని గోడగడియారం వైపు చూడటం చూసింది. ఎగిరిన గుండె అక్కడే కూర్చుంది.

"నువ్వెళ్ళు," అంది. "పాసింజరు టైమైపోతోంది. ఆ పేర్లు నేను వాల్చి ఈమెయిల్లో పంపుతాను."

"ఏవి వాల్చాలో నీకెలా తెలుస్తాదే?"

"నువ్వే సెప్పు."

సోని ఆలోచించి, వచ్చినప్పటినుంచీ మొదటిసారి గట్టిగా నవ్వింది. "నోరు తిరగని పేర్లన్నీ వాల్చెయ్. మిగిలిందంతా మామూలే."

స్టేషనులో రైలు కదిలే ముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది సోని. రత్న పట్టుకుంది. కోపం వచ్చిందా అని అడగాలనుకుంది. అడిగేలోపు రైలు చెయ్యి లాక్కుపోయింది.

ఆ వారమంతా రత్న ఒక్కతే కూర్చుని వాల్చింది. పానికమ్ సుమత్రెన్స్. ఎల్యుసైన్ కొరకానా. కూడబలుక్కుని చదివేది. పక్కనున్న ఇంగ్లీషు చూస్తే మొదటిది సామలనీ, రెండోది చోళ్ళనీ అర్థమయింది. తన అమ్మ రోజూ కాచిన చోడంబలికి ఇంత పేరుందని నవ్వుకుంది. ఒక వ్యాసం పేరులో వాళ్ళ లోయ పేరే ఉంది. ఎవరో ఎక్కడో కూర్చుని రాశారు. అది చదివింది సోని. సీటొచ్చి ఉండిపోయిన తను, అందులోని మొక్క పేరుని మౌసుతో పట్టుకుని పక్కకి వాలుస్తోంది. తనూ ఆ ఏడు రైలెక్కి ఉంటే ఈ కట్టలో ఎక్కడైనా ఒక వ్యాసం తనది ఉండేదా? ఉండేదేమో. అప్పుడు ఈ దుకాణం ఉండేది కాదు. ధనరాజు ఉండేవాడు కాదు. రత్న కళ్ళు తుడుచుకుని తర్వాతి పేరు మీదకి పోయింది.

ఫైలు పంపింది. మర్నాడు సోని జవాబు ఇంగ్లీషు లిపిలో తెలుగుగా వచ్చింది. అందింది, సారు ఒప్పుకున్నారు, చాలా థ్యాంక్సే. అంతే. రత్న దాన్ని చాలాసేపు చూసింది. చివరున్న ఆ "ఏ" దగ్గర ఆగింది. బయటివాళ్ళకయితే థ్యాంక్స్ అని ఊరుకునేది.

థీసిస్ ఇచ్చేసింది సోని. ఆర్నెల్లకి డాక్టరేటు వచ్చింది. ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఫోన్లు నెలకొకటి, ఆ తర్వాత రెండు నెలలకొకటి. ఫోన్లో కొండభాష రాదు. పక్కన ఎవరో ఉంటారు.

మాఘమాసంలో ఒకరోజు రత్న దుకాణానికి తాళం వేసింది. ధనరాజు జీపు తీస్తూ, "కొండ కిందికి ఏటి పని మీద?" అన్నాడు.

"ఏ పనీ లేదు. సోనిని సూద్దారని."

అతను ఒక క్షణం చూసి, "స్టేషను దాకా దింపుతాను, ఎక్కు," అన్నాడు.

విశాఖపట్నంలో ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి సోని ఇంకా కాలేజీ నుంచి రాలేదు. అత్తగారు మంచినీళ్ళిచ్చి, "ఏమైనా పనుండి వచ్చావా అమ్మా?" అని మర్యాదగా అడిగింది. లేదంటే ఆవిడకి అర్థం కాలేదు. వెన్నెల మాత్రం పలక పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. రత్న ఆ పిల్లకి కొండభాషలో వానని ఏమంటారో చెప్పింది. నిప్పుని, దుప్పటిని ఏమంటారో చెప్పింది. పిల్ల ఒక్కో మాటా నోట్లో వేసుకుని బెల్లంలా చప్పరించింది.

చీకటి పడే వేళ సోని మెట్లెక్కి వచ్చింది. చేతిలో పరీక్ష పేపర్ల కట్ట, ముఖం వడలిపోయి. గుమ్మంలో రత్నని చూసి నిలబడిపోయింది.

"ఏటే, ఏమైంది? అందరూ బాగున్నారా?"

"అందరూ బాగున్నారు. రేపు పొద్దున్న బండికెళ్ళిపోతాను," అంది రత్న. "ఈ రాత్రికి ఉండమంటావా?"

సోని పేపర్ల కట్ట అక్కడే గుమ్మంలో దించేసి వచ్చి, రత్న పక్కన నేలమీద కూర్చుంది.