పంపినంతమందికీ

మా పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది నువ్వే, జాన్ బాషా. నువ్వూ, నీ ఫోనూ, టీ కొట్టు బల్లల మీద కూర్చుని పొద్దస్తమానం ప్రపంచాన్ని దిద్దే నీ స్నేహితులూ. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ నేర్పింది. అబద్ధాన్ని అబద్ధమనకూడదని మాత్రం నేర్పలేదు. అందుకని పేరు పెట్టే మొదలుపెడుతున్నా.

యుద్ధం ఎందుకొచ్చిందో మీకు తెలుసు. ఏ పార్టీ ఎందుకు ఓడిందో తెలుసు. ఏ రాజు ఏం కూల్చాడో, ఏం కట్టాడో, చంద్రుడి మీద మన యంత్రం ఎక్కడ దిగిందో అన్నీ మీ నాలుకల చివరే ఉంటాయి. మీ ఇంట్లో ఆడమనిషి దేనితో చచ్చిపోయిందో మాత్రం తెలియదు. తెలియకపోవడం కాదు, పైకి చెప్పలేదు.

మాది ఒంగోలు రోడ్డు పక్క ఊరు. మా ఆయనకి పరుపులు కుట్టే కొట్టుంది. నేను వేసవంతా కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డులో ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తాను. ముక్కుకి గుడ్డలు కట్టుకుని కుప్ప చుట్టూ కూర్చుంటాం. కూర్చున్న కాసేపటికే వేళ్ళు మండటం మొదలవుతుంది. ఆ చేత్తో కన్ను నలుపుకోకూడదు, చంటిపిల్లని ఎత్తుకోకూడదు, ఫోను ముట్టుకోకూడదు. ఫోనుకి అంటిన కారం చెంపకీ చెవికీ పాకుతుంది. అందుకని ఆడవాళ్ళ ఫోన్లన్నీ మేకులకి వేలాడే సంచుల్లో మోగి మోగి ఊరుకుంటాయి. లోకంలో ఏం జరిగినా మాకు తెలిసేది చేతులు కడిగాకే. కడిగాక వంట. వంటయ్యేసరికి ఫోను మొగుడి చేతిలో.

దీనికి దారి చూపింది వెంకటరావమ్మ పిన్ని. వరసకి పిన్ని అంటాను గానీ చుట్టం కాదు, షెడ్డులో అందరికంటే పెద్దది. నోరూ పెద్దదే. ఒకరోజు అన్నం మూట చుట్టిన పేపరు ముక్క నేను చదువుకుంటుంటే చూసింది.

"ఏందే నగ్మా, నువ్వొక్కదానివే నమిలేస్తే ఎట్టా? పైకి చదువు. పత్తితీతకి ఒకళ్ళ చేలోకి ఒకళ్ళం బదులు పోవటంలా? ఇదీ అంతే. నీ కాయలు మేం తీస్తాం. నువ్వు మాకు చదివిపెట్టు."

ఆ రోజు నుంచీ అదే మా పద్ధతి. మజ్జిగతో వేళ్ళు రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని పేపరు పట్టుకుంటాను. నా వాటా కాయలు తలా కొన్ని లాక్కుంటారు. "ఆగాగు, ఎక్కడో ఓడలు ఆగిపోతే మన షెడ్డు మూయటం ఏంది?" అని అడుగుతారు. చెప్పాలంటే నాకు తెలియాలి కదా. నేను చదివింది పదో తరగతి. మా అమ్మాయి షాహిస్తా సైన్సు పుస్తకం, సోషల్ పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదివాను. చదివినా తెలియనిదాన్ని తెలియదని చెప్పడం నేర్చుకున్నాను. టీ కొట్టు దగ్గర ఆ మాట ఇంతవరకూ ఒక్క నోటి నుంచీ రాలేదు.

మొన్న సోమవారం షాహిస్తా బడి నుంచి కాగితం తెచ్చింది. పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా టీకా వేస్తారట. గురువారంలోపు ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. అన్నం తింటున్న మా ఆయన కాగితం చూడనే లేదు. ఎడమచేత్తో ఫోను చూపించాడు.

"ఇదిగో, పొద్దున్నే వచ్చింది. నీక్కూడా పంపా, చూసుకో. ఈ సూది పడితే ఇంక పిల్లలు పుట్టరు. మన ముస్లింల సంతానం తగ్గించడానికి పైనుంచి వేసిన ఎత్తు."

"ఎవరు రాశారండీ?"

"పెద్ద డాక్టరు. పేరు బయటపెడితే చంపేస్తారని పెట్టలా."

"పేరే లేనోడు డాక్టరని మీకెట్టా తెలుసు?"

"పేపరు చదివి డాక్టరయ్యావా నువ్వు?"

"ఫోను చూసి మీరవలా?"

పళ్ళెం తోసేశాడు. పప్పు నేలపాలయింది. తుడవాల్సింది నేనే కాబట్టి తోయడానికి ఆయనకేం కష్టం లేదు. షాహిస్తా గుమ్మంలో నిలబడి, "సూది నాకు కదా, నన్నెవరూ అడగరేం?" అంది. నోరు ముయ్యమన్నాడు. మా అత్త జోహరాబీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ గోడ వెనకే ఆమె నస్రత్ వదిన గుడ్డలు ఉతికేది. నస్రత్ మా ఆయన అక్క. నేను కాపురానికొచ్చిన ఏడాదే మొగుడి ఇంటి నుంచి పుట్టింటికి వచ్చేసింది, ఆగకుండా నెత్తురు పోతుంటే. ఏమిటని నేనడిగితే ఆడవాళ్ళ జబ్బన్నారు. బయటివాళ్ళు అడిగితే కడుపులో గడ్డ అన్నారు. అత్త తెల్లారకముందే లేచి ఆ గుడ్డలు ఉతికి, పైన పాత చీర కప్పి ఆరేసేది. ఇంట్లో వాసన రాకుండా సాంబ్రాణి వేయడం నా పని. మగవాళ్ళు వాసన రాలేదన్నట్టు కూర్చుని టీవీలో వార్తలు చూసేవాళ్ళు. ఒంగోలు తీసుకెళ్ళేసరికి చేయి దాటిపోయింది. ఎక్కడ కేన్సరని ఎవరడిగినా మా ఆయన తల వంచుకుని కడుపులోనే అన్నాడు, జనాజా లేచేదాకా అదే అన్నాడు. అక్క శరీరంలో ఒక భాగం పేరు పలకడం ఆయనకి సిగ్గు. అక్క చావడం మాత్రం తలరాత. ఆ సిగ్గు మోసింది ఎవరు? నెత్తురు పోయినవాళ్ళూ, ఆ నెత్తురు ఉతికినవాళ్ళూ.

మంగళవారం షెడ్డులో పేపరు తెరవబోతుంటే వెంకటరావమ్మ పిన్ని సంచిలోంచి ఫోను తియ్యమంది. "మా అబ్బాయి శివరామకృష్ణ ఏదో పంపాడంట. మనవరాలికి బళ్ళో సూది వేయించొద్దని పొద్దున్నే ఇల్లు పీకి పందిరేశాడు. ఏముందో చదువు."

చదివాను. పెద్ద డాక్టరు. పేరు పెడితే చంపేస్తారు. సూది పడితే పిల్లలు పుట్టరు. హిందువుల సంతానం తగ్గించడానికి పైనుంచి వేసిన ఎత్తు.

అక్కడ ఆగిపోయాను. నా ఫోను తీసి, మా ఆయన పంపింది కూడా పైకి చదివాను. ఒక్క మాట తప్ప అంతా అదే.

ముందు తేరుకుంది పిన్నే. "ఏమే, మమ్మల్ని తగ్గించడానికీ అదే సూది, మిమ్మల్ని తగ్గించడానికీ అదే సూదా? మరి ఆ నర్సమ్మ ఏ పిల్లకి ఏది పొడవాలో ముందు పేరడిగి పొడుస్తుందంటా?"

కుప్ప చుట్టూ నవ్వులు లేచాయి. కారం ఘాటుకి దగ్గుతూ నవ్వారు, నవ్వలేక ఏడ్చారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవడో ఒకడు కూర్చుని, వాళ్ళకో భయం మాకో భయం కుట్టి పంచాడు. ఇద్దరి భయమూ ఆడపిల్ల కడుపు చుట్టూనే తిప్పాడు. అది చాలు, మగవాళ్ళు వెంటనే నమ్మేస్తారని వాడికి తెలుసు. పిల్ల బతుకుతుందా అని ఏ ఒక్కడూ అడగలేదు. పిల్ల కంటుందా అని అందరూ అడిగారు.

అప్పుడు నస్రత్ వదిన సంగతి చెప్పాను. జబ్బు పేరుతో సహా, అది ఎక్కడొచ్చిందో ఆ చోటు పేరుతో సహా. ఎవరూ చెవులు మూసుకోలేదు. ఒకామె తన తల్లి కూడా అట్లాగే పోయిందని చెప్పింది.

గురువారం నేనూ పిన్నీ బడికి వెళ్ళాం. మా ఇద్దరి కాయలూ మిగతావాళ్ళు తీస్తామన్నారు. నర్సు శ్రీరమ్యగారు వరండాలో బల్ల వేసుకుని ఉన్నారు. పిల్లలు పుట్టరన్నది నిజమా అని సూటిగా అడిగాను.

"ఈ టీకాకీ దానికీ సంబంధం లేదమ్మా. ఆ కేన్సర్ వస్తే గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, అప్పుడు పుట్టరు. చెయ్యి నొప్పి పుట్టొచ్చు, కాస్త జ్వరం రావచ్చు. కళ్ళు తిరిగితే చూసుకోవడానికి కాసేపు ఇక్కడే కూర్చోబెడతాం. ఇది వేసుకున్నా పెద్దయ్యాక పరీక్షలు మానకూడదు."

"వాళ్ళ నాన్న సంతకం పెట్టనన్నాడు."

"తల్లి సంతకం చాలు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"మీ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా. వద్దని చెప్పడానికే వచ్చారందరూ."

షాహిస్తాని పిలిచి, నర్సుగారు చెప్పింది మళ్ళీ చెప్పించి, నీకిష్టమేనా అని అడిగాను. తలూపి చెయ్యి చాపింది. సంతకం పెట్టాను. పిన్ని తన మనవరాలి తల్లిని కూలి దగ్గర్నుంచి లాక్కొచ్చి పెట్టించింది. మిగతా పిల్లలు వరుసలో లేరు. వచ్చే గురువారం మళ్ళీ వస్తానన్నారు నర్సుగారు. ఆ మధ్యాహ్నం షెడ్డుకెళ్ళి పేపరు జోలికి పోకుండా తొడిమలే తీశాను. బదులంటే బదులే కదా.

ఇంటికొచ్చేసరికి టీ కొట్టు ముందే కూసినట్టుంది, మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎవర్నడిగి వేయించావ్?"

"షాహిస్తానడిగి."

చెయ్యెత్తాడు.

"దించరా!" అంది మా అత్త. ఆ గొంతు అంత పెద్దదని ఇన్నేళ్ళకి తెలిసింది. మంచం మీద లేచి కూర్చుంది. "మీ అక్క గుడ్డలు ఉతికిన చేతులురా ఇవి. అది గడ్డ కాదని నాకు తెలుసు, నీకూ తెలుసు. అప్పుడు లేదు ఈ సూది. ఇప్పుడుంటే ఒద్దంటావా? ఫోన్లో ఆ డాక్టరెవడో మీ అక్క సంగతి ఏమన్నా రాశాడా? చదివి చెప్పు, వింటాను."

ఆయన చెయ్యి దిగింది. మెల్లిగా అరుగు మీద కూలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. చూసి కూడా ఊరుకోలేదు. ఏడిస్తే చాలదు. వచ్చే గురువారం దాకా టైముంది, ఈ ఊళ్ళో సగం ఇళ్ళకి ఆ అబద్ధం మోసింది ఈ చెయ్యే.

ఫోను తియ్యి, జాన్ బాషా. నా చేతులకి కారముంది, నేను ముట్టుకోను. నేను చెబుతాను, నువ్వు కొట్టు. మొదటి ముక్క, "మా అక్క నస్రత్ గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో చనిపోయింది." కడుపులో అని రాయకు, అక్షరం మింగకు. రెండో ముక్క, "నేను పంపింది అబద్ధం. మా పిల్లకి టీకా వేయించాం." కింద నీ పేరు పెట్టు, పేరులేని డాక్టరులా దాక్కోకు. శివరామకృష్ణ చేత అటువైపు వాళ్ళకి పిన్ని పంపిస్తుంది, ఆ సంగతి ఆమె చూసుకుంటుంది. నీ అబద్ధం ఎంతమందికి పంపావో, అంతమందికీ ఇది పంపు. ఒక్కరు తగ్గినా ఒప్పుకోను. నా కళ్ళ ముందు పంపు. ఇప్పుడే.