ఎడమవైపు ఫోటో

కోరుట్లలోని ఆ గల్లీలో ఆడవాళ్లు కార్ఖానాలో నిన్నటి బీడీలు అప్పజెప్పి, ఆకు తెచ్చుకుని అరుగెక్కారంటే చీకటి పడేదాకా దిగరు. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, వంచిన మెడ. ఆ రోజు బాలమణి నీళ్లకని లేవబోయి మళ్లీ కూలబడింది. ఇద్దరు చెరో రెక్క పట్టి లాగారు.

"ఏందే బాలమణి, నిన్ను లేపుటానికి క్రేను పిలవాల్నా?" అంది అజీజాబీ.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా బాలమణే నవ్వింది. నవ్వుతూనే కొంగు చాటున బొడ్డు మీద అరచెయ్యి అదిమిపెట్టుకుంది. పాఠకులారా, ఆ చెయ్యిని చూడండి. ఈ కథంతా దాని కిందే ఉంది.

అక్కడ పేగు జారింది, హెర్నియా. జగిత్యాల డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. కానీ ఈ బరువుతో మత్తు ఇస్తే ప్రమాదమట, ముందు పది కిలోలు తగ్గి రమ్మన్నాడు. ఆలస్యమై పేగు మెలిపడితే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పాడు. ఎక్కడ తగ్గాలో, ఎవరు తగ్గిస్తారో మాత్రం చెప్పలేదు. రోడ్డు మీద నడుద్దామంటే పిల్లగాళ్ల ఈలలు. జిమ్ములు మగవాళ్లవి.

అప్పుడు రాధిక వచ్చింది. ఒకప్పుడు అదే అరుగు మీద బాలమణి పక్కన బీడీలు చుట్టిన పిల్ల. ఇప్పుడు ఒక సంస్థలో కోఆర్డినేటరు. బీడీ కార్మికులకు ఉచితంగా బరువు తగ్గే శిక్షణ ఇస్తున్నామని చెప్పి, అందరికంటే ముందు బాలమణి పేరు రాసుకుంది.

ఫంక్షన్ హాల్లో పదింటికి క్లాసు. కార్ఖానా కూడా పదింటికే. బాలమణి కూతురిని కాలేజీ మాన్పించి కార్ఖానాకు పంపింది. హాల్లో మొదటి రోజే, కట్టుకొచ్చిన చిలకాకుపచ్చ చీరలోనే, ముందు నుంచి, పక్క నుంచి ఫోటోలు తీశారు. తర్వాత ఎక్సర్‌సైజులు, తిండి గురించి మాటలు. మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గింది. ఎవరూ పట్టకుండా ఒకసారి తానే లేచి నిలబడింది కూడా.

ఆ వారమే రాధిక వీర్నపల్లిలో పెళ్లుందని బాలమణి దగ్గర ఆ చిలకాకుపచ్చ చీర అడిగి తీసుకుపోయింది. ఆ తర్వాత హాలుకు తాళం పడింది, మళ్లీ తెరిచినప్పుడు పిలుస్తామన్నారు. చీర తిరిగిచ్చేటప్పుడు రాధిక మెల్లగా చెప్పింది. "అనుకున్నంత తగ్గలేదని పైవాళ్లు నీ పేరు తీసేసిండ్రక్కా. ఎవలకు చెప్పకు, ఇజ్జత్ పోతది."

బాలమణి ఎవరికీ చెప్పలేదు. తప్పు తన ఒంటిదే అనుకుంది. ఒక పూట అన్నం మానేసింది, తర్వాత రెండో పూట కూడా. ఒకనాడు కార్ఖానా గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. అటుగా వెళ్తున్న రాధికే తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాపింది.

సిరిసిల్లలో చెల్లెలింటికి వెళ్లిన రోజు గుట్టు బయటపడింది. బస్టాండు ఎదురుగా కొత్త స్లిమ్మింగ్ సెంటరు, దాని మీద నిలువెత్తు ఫ్లెక్సీ, 'ముందు', 'తర్వాత' అని రెండు ఫోటోలు. కళ్లకు నల్లపట్టీ వేసిన లావుపాటి మనిషి ఎడమవైపు. మోచేతి మీద గంజి పడి కాలిన మచ్చ. అది తన మచ్చ. చిలకాకుపచ్చ చీర తనది. కుడివైపు అదే చీరలో సన్నటి మనిషి. కళ్లకు అదే పట్టీ. ముంజేతి మీద తులసికోట పచ్చబొట్టు. జాతరలో ఆ పచ్చబొట్టు సూదికి రాధిక ఏడుస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది బాలమణే.

ఆమె లోపలికి వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి చిరునవ్వుతో ఫ్లెక్సీ వైపు చూపించింది. "ఈ మేడమ్ కూడా మీలాగే ఉండేదట ఆంటీ. ఇప్పుడెట్లుందో చూడుండ్రి."

బాలమణి బయటికి నడిచింది. తిరుగు బస్సెక్కి నేరుగా రాధిక గుమ్మంలో నిలబడింది. రాధిక దాచలేదు. ఆ సెంటరూ ఈ సంస్థా ఒకరివేనని, ఫోటోల పని అయ్యాక హాలు ఎత్తేశారని చెప్పింది. ముఖాలు కనబడవు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుందట.

"ఫోటో సంగతి ఇడిసిపెట్టు," అంది బాలమణి. "హాలు ఎత్తేసిండ్రని చెప్తే సరిపోతుండె. నా తప్పని ఎందుకు చెప్పినవ్?"

రాధిక తల వంచుకుంది. "గట్ల చెప్తే మళ్ల అడగవని."

"నేను ఆకలితోని పడిపోయిన్నాడు నీళ్లు తాపినవ్ గదా. గప్పుడన్న చెప్పాల్సింది."

మర్నాడు అరుగు మీద బాలమణి చాట పక్కన పెట్టి జరిగిందంతా చెప్పింది.

"నాకు గూడ గదే చెప్పింది," అంది అజీజాబీ నేల చూస్తూ. "నా ఒక్కదాని పేరే తీసేసిండ్రని."

అటు చివర నుంచి పోశవ్వ తలెత్తి చూసింది. ఆమెకూ అదే మాట, ఎవరికీ చెప్పొద్దన్న అదే హెచ్చరిక. మోకాలు మోకాలు ఆనించి రోజంతా కూర్చునే ఆడవాళ్లు ఒకే అబద్ధాన్ని, మిగతావాళ్లను మళ్లీ పిలుస్తారనుకుని, ఎవరి మటుకు వారు సిగ్గుగా మోశారు.

ఆ రోజు సాయంత్రం ఎవరూ కత్తెర ముట్టలేదు. అందరూ కలిసి సర్కారు దవాఖానాకు వెళ్లారు. అక్కడి డాక్టర్ అల్ఫియా చివరిదాకా విన్నది. సంస్థ మీద ఫిర్యాదు రాయించి, బాలమణికి రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, ముందు రెండు పూటలా తినమని కసిరింది. బరువు తగ్గే క్లాసు తామే పెడతామని డాక్టరు అంటే, దానికి మళ్లీ పదింటికి దవాఖానాకు రమ్మంటారేమోనని బాలమణి భయపడింది. డాక్టరు అడిగింది వేరు. "అమ్మా, మీకు పని లేని టైమ్ ఎప్పుడు?"

ఆ మాట అంతవరకు వాళ్లనెవరూ అడగలేదు.

ఇప్పుడు చీకటి పడి చాటలు పక్కన పెట్టాక గల్లీలోనే క్లాసు. నర్సు తూకం తెస్తుంది. బరువు మెల్లగా తగ్గుతోంది, ఆపరేషన్ ఇంకా కాలేదు. రాధిక ఒకసారి గల్లీ మలుపు దాకా వచ్చి నిలబడింది. బాలమణి చూసింది, పిలవలేదు.

ఆ రోజు చూసిపోదామని వచ్చి, క్లాసు ముగిస్తూ డాక్టర్ అల్ఫియా అన్న మాట ఆ ఆడవాళ్లకే కాదు, మనందరికీ చెందుతుంది. "మీరు తగ్గకపోవడం మీ తప్పు కాదమ్మా. పేదింటి ఆడమనిషి బరువు తగ్గాలని చెప్పేవాళ్లు, తగ్గే దారి ఆమె గడప దాకా, ఆమె తీరిక వేళకు తెచ్చి, తగ్గేదాకా ఆమె వెంట నిలబడాలి."