చెప్పుల పక్కన పెద్దమనిషి

పుల్లన్న పెనుకొండ చర్చి సంఘంలో పెద్ద. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకున్నంత తగ్గింపు, అణకువ ఇంకెవరికీ లేదు. ఆ మాట ఆయనే చెబుతాడు.

ప్రతి ఆదివారం పాటలు మొదలయ్యాక వచ్చి, తలుపు దగ్గర చెప్పుల పక్కనే చాప మీద కూలబడేవాడు. విందుకు పిలిస్తే కడపటి చోట కూర్చోమని ప్రభువు చెప్పాడు కదా. అట్లా కూర్చున్నవాణ్ణి పైకి పిలుస్తారని కూడా చెప్పాడు. పుల్లన్నకు ఆ రెండో ముక్కే బాగా నచ్చింది. ముసలి పాస్టరు పాట ఆపించి, "అయ్యో పుల్లన్నగారూ, ముందుకు రండి" అనేవాడు. పుల్లన్న వద్దని తల ఊపేవాడు. బాగా బతిమాలించుకున్నాక లేచి, ఇస్త్రీ పంచె సర్దుకుంటూ, అందరి మధ్యలోంచి వేదిక మీది కుర్చీ దాకా మెల్లగా నడిచేవాడు. ఆయన ఆరాధనంతా ఆ నడకే. ప్రసంగంలో కునుకు తీసేవాడు.

ముసలి పాస్టరు ధర్మవరానికి బదిలీ అయ్యాడు. హిందూపురం నుంచి సునీల్ అనే కుర్ర పాస్టరు వచ్చాడు. చెప్పుల పక్కనున్న పుల్లన్నను చూశాడు. నవ్వి వందనం పెట్టాడు. బైబిలు తెరిచాడు. అంతే.

పుల్లన్న దగ్గాడు. ఇంకా గట్టిగా దగ్గాడు. అదే చాప మీద కూర్చునే ఉలిగమ్మ, కూలికి పోయే మనిషి, నీళ్ళ సీసా చాపింది.

"తాగప్పా. గొంతులో ఏమన్నా ఇరుక్కునిందా?"

ఇరుక్కున్నది కుర్చీ అని ఎట్లా చెబుతాడు?

వారాలు గడిచినా పిలుపు లేదు. ఇంట్లో భార్య మరియమ్మ మీద ఎగిరాడు.

"ఆ పిల్లోనికి మర్యాద తెలీదు! నన్ను చెప్పుల కాడ కూర్చోబెడతాడా?"

"ఆయప్ప యాడ కూర్చోబెట్టినాడు? నువ్వే పోయి కూర్చుంటాండావు. ముందుకు పో, ఎవరు పట్టుకున్యారు?"

"పిలవకుండా పోతే గర్వం అనుకోరా?"

రొట్టె కాలుస్తున్న మరియమ్మకు నవ్వి నవ్వి పొలమారింది.

తేల్చుకుందామని పాస్టరింటికే పోయాడు.

"అయ్యగారూ, నేను యాడ కూర్చుంటాండానో చూస్తాండారా?"

"చూస్తాండా అన్నా! ఇట్లాంటి మనిషిని కుర్చీ ఎక్కమని ఇబ్బంది పెట్టకూడదని వచ్చిన రోజే అనుకున్నా."

అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగకపోతే చచ్చేదాకా చెప్పుల కాడే. పుల్లన్న టీ తాగి వచ్చేశాడు.

మరుసటి ఆదివారం తగ్గింపు మీద ప్రసంగం. "ఒకసారి వెనక్కి చూడండి" అన్నాడు సునీల్. "పుల్లన్నను చూసి నేర్చుకోండి."

తలలన్నీ తిరిగాయి. పుల్లన్న ఒళ్ళు పులకరించింది. కుర్చీ ఏపాటిది దీని ముందు! తల వంచుకున్నాడు, ఫొటోకి ఎంత వంచితే బాగుంటుందో అంత. వంచిన తలకు పక్కనున్న ఉలిగమ్మ పగిలిన మడమలు కనబడ్డాయి. ఆమె ఏళ్ళ తరబడి ఈడనే ఉంది. ఆమెను ఎవడూ వేదిక ఎక్కమనలేదు. ఆమెను చూసి నేర్చుకోమని ఎవడూ అనలేదు. కడపటి చోటు ఆమెది. తాను దాని మీద కాలు పెట్టి పైకెక్కాడు, ఇన్నాళ్ళూ, ప్రభువు పేరు చెప్పి.

లేచి నిలబడ్డాడు.

"అబద్ధం అయ్యగారూ. నేనీడ కూర్చునేది మీరు పిలుస్తారని. పిలవలేదని మిమ్మల్ని తిట్టుకుంటాండా. ప్రార్థనలో కూడా."

అంతలో ముందు వరసలోంచి ఎవరో, "హల్లెలూయా! ఎంత తగ్గింపు!" అని అరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. పుల్లన్న గుండె మళ్ళీ పొంగింది. అది తెలిసి సిగ్గుతో కూలబడ్డాడు.

"థూ! ఈ గర్వం చావదేమ్మా ఉలిగమ్మా?"

"యాడ చస్తాదప్పా! రేపు మళ్ళా లేస్తాది, మళ్ళా కొట్టు. ఇప్పుడు కొంచెం జరుగు. నాకు కాళ్ళు చాపుకునేకి చోటు లేదు."

పుల్లన్న వీపు గోడకు ఆనేదాకా జరిగాడు.