కనుబొమ్మలతో ఔనన్నారు

"ఆ పిల్లవాడి చెయ్యి తడబడకుండా చూడు ప్రభూ, సరేనా?" అని గూట్లోని బాలయేసుకు దండం పెట్టి, మనీలాలో తన ఇంట్లో ఫోను ముందు కూర్చుంది పెద్ద సర్జను డొక్టోరా రెమెడియోస్. కాసేపటికే ఆమెకు ఓపిక నశించింది.

అవతల సామర్ దీవిలో, చిన్న ఆసుపత్రి బల్ల మీద రుఫినో ఉన్నాడు. కల్లు గీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. ప్లీహం పగిలి కడుపునిండా నెత్తురు. సముద్రం పోటెత్తి పడవలు ఆగిపోయాయి. పెద్దాసుపత్రికి పంపే దారి లేదు. కోస్తున్న కుర్ర డాక్టరు ఇసగాని ఆమె శిష్యుడే. ఒంటరిగా ప్లీహం తీయడం మాత్రం అతనికిదే మొదలు. పైన దీపానికి కట్టిన ఫోను అతని చేతుల్నీ, కోసిన కడుపునీ తప్ప మరేమీ చూపించడం లేదు.

"రక్తనాళం దొరికిందా నాయనా?"

తెరమీద చేతులు కదులుతూనే ఉన్నాయి.

"నిన్నే! క్లోమం తోక పక్కకి తప్పించావా? అది నలిగిందంటే మళ్లీ ప్రాణం మీదికొస్తుంది. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా ఏం?"

బల్ల పక్కనున్న నర్సు టెసీకి చిర్రెత్తింది. "అయ్యో డొక్టోరా, ఆయన ఔననే అంటున్నారు! ఇందాకట్నుంచీ కనుబొమ్మలు ఎగరేస్తూనే ఉన్నారు." ఆ దీవుల్లో ఔననడానికి నోరక్కర్లేదు, కనుబొమ్మలు ఎగరేస్తే చాలు.

"కనుబొమ్మలు నాకెలా కనబడతాయే? నాకు కనబడేవి పేగులు!"

"మూతికి గుడ్డ, చేతుల్లో కత్తెరలు. ఇంక దేంతో చెప్పమంటారండీ?"

"నోటితో! గుడ్డ కట్టింది మూతికి, మాటకు కాదు."

ఇసగాని గొంతు సవరించుకున్నాడు. "దొరికింది డొక్టోరా. క్లోమం తప్పించాను. పట్టు బిగించనా?"

రెమెడియోస్ ముందుకు వంగి చూసింది. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది పట్టుకారు. హమ్మయ్య అనుకుంది.

"డొక్టోరా? బిగించనా?"

గాయంలో నెత్తురు మళ్లీ ఊరుతోంది.

"లైను తెగినట్టుంది, ఇప్పుడే తెగాలా ఇది!" అంటోంది టెసీ.

రెమెడియోస్ వెనక కాఫీ కప్పుతో నిలబడ్డ భర్త బెనిగ్నో అన్నాడు: "ఏమేవ్, నీ కనుబొమ్మలు మాత్రం వాళ్లకెలా కనబడతాయి?"

ఆమె ఉలిక్కిపడింది. "ఔను! బిగించు నాయనా, బిగించు!"

పట్టు బిగిసింది. ఊట ఆగింది. ఆపైన ప్లీహం గిన్నెలో పడేదాకా గురుశిష్యులిద్దరూ ప్రతిదానికీ బడిపిల్లల్లా గట్టిగా "ఔను, ఔను" అంటూనే ఉన్నారు. "నాడి కుదుటపడింది. రుఫినో గట్టివాడే, చెట్టే ఓడింది," అంది టెసీ.

ఫోను పెట్టేసి రెమెడియోస్ గూటివైపు తిరిగింది. బాలయేసు కనుబొమ్మల్ని బొమ్మ చేసినవాడు కాస్త పైకే దిద్దాడని ఇన్నేళ్లకు కనబడింది.

"నువ్వూ ఇంతేనా ప్రభూ?" అంది విసుగ్గా. "నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయింది?"