నాలుగు వేళ్ళ పిడకలు

మండికల్‌లో తెల్లారితే ఆడవాళ్ళు గోడలకు పిడకలు చరుస్తారు. ఏ పిడక ఎవరిదో వేళ్ళ గుర్తులు చూసి చెప్పేయొచ్చు. మునిరత్నమ్మ పిడకల మీద మాత్రం నాలుగు వేళ్ళే ఉంటాయి. బొటనవేలు ఎంత అదిమినా గుర్తు పడదు. బురదలోనూ అంతే, పిండిలోనూ అంతే. ఊళ్ళో ఎవరికీ అదేం వింత కాదు. కొందరికి జుట్టు నెరవదు, ఈమెకు వేలు పడదు, దానికేముంది! పైగా ఆమె పిడకల జోలికి దొంగలు కూడా పోరు.

మొగుడు పోయి పదేళ్ళు, పుట్టింట్లోనే ఉంటోంది. అమ్మ ఎప్పుడో పోయింది. మొన్న నాయన చెన్నరాయప్ప కూడా పోయాడు. ఆయన సొంతంగా కొన్న బావిచేను నాలుగెకరాలుంది. నెల తిరగ్గానే తమ్ముడు బయ్యప్ప కొత్త చీర తెచ్చి అక్క ఒళ్ళో పెట్టాడు.

"చిక్కబళ్ళాపురం పోయొద్దామక్కా. ఒక కాగితానికి వేలు వెయ్యాల."

"ఏం కాగితం బయ్యప్పా?"

"ఉత్త కాగితమే. నీకు నేనుండాను కదా!"

ఊళ్ళో ఆడబిడ్డలంతా అట్లా వేసినవాళ్ళే. వెయ్యకపోతే ఆ గడపలో ఉండేదెట్లా? భయపడుతూనే చీర కట్టుకుని బస్సెక్కింది. అక్క వేలు పడదని బయ్యప్పకూ తెలుసు. ఆఫీసు సిరా గట్టిది, దానికైనా పడుతుందనుకున్నాడు పాపం.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా సిరా పూసి ఆమె వేలు అదిమాడు. కాగితం తెల్లగానే ఉంది. రెండో చెయ్యీ అంతే.

"వేలు పడంది రిజిస్టరు కాదు," అన్నాడు రిజిస్ట్రారు. "ఇందులో ఏముందో తెలుసామ్మా?"

"తెలీదు సామీ."

"మీ నాయన చేన్లో నీ సగం పాలు ఇష్టపడి తమ్ముడికి వదిలేస్తాండావు."

"నాకు పాలుండాదా?"

"రెండేళ్ళ కిందటే, యాభై ఆరులో, చట్టమొచ్చింది కదమ్మా. కొడుక్కెంతో కూతురికీ అంతే."

మునిరత్నమ్మ సిరా వేలు కొత్త చీర కొంగుకు తుడుచుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"నాది కాకపోతే నా వేలెందుకప్పా నీకు?"

బయ్యప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ బస్సెక్కి ఊరు చేరారు.

మర్నాడు మునిరత్నమ్మ గోడకు పిడక చరిచి చెయ్యి తీసింది. ఐదు వేళ్ళు! చెంబు పట్టుకుని వస్తున్న బయ్యప్ప అక్కడే ఆగిపోయాడు. మొహం విప్పారింది.

"అక్కా, ఇప్పుడు పడతాండాదే!"

"పడతాండాది." ఆమె పిడక అంచు సరిచేసింది. "చేని ఖాతాలో నా సగానికి నా పేరెక్కించే కాగితం రాయించుకోని రా. దానికేస్తాను."

అని ఇంకో ముద్ద తీసుకుంది.